బెరియా కళాశాల: చట్టమునకు ముందు జరిగినది (1855–1950)

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో రెండు సంగతులు మనకు సుపరిచితములే. ఒకటి, విన్న బోధను లేఖనములతో సరిచూచుకొన్న బెరయవారి శ్రద్ధ. రెండవది, సమస్త జనులకు మూలము ఒక్కటేనని పౌలు ఏథెన్సులో చేసిన బోధ. మొదటి దాని నుండి పేరును, రెండవ దాని నుండి ఆదర్శవాక్యమును తీసుకొన్న ఒక చిన్న కళాశాల అమెరికాలోని కెంటకీ రాష్ట్రములో ఉన్నది. అక్కడ నల్లజాతివారికి తలుపులు మూతపడుటకు 1904 నాటి చట్టమునే కారణముగా చెప్పుట కద్దు. చట్టమునకు ముందు జరిగిన దానిని కూడ పరిశీలించవలెనని మా అభిప్రాయము.

స్థాపకుడైన రెవ. జాన్ గ్రెగ్ ఫీ 1816లో కెంటకీలోనే, బానిసలను కలిగియున్న కుటుంబములో జన్మించారు. సిన్సినాటిలోని లేన్ వేదాంత కళాశాలలో చదువుచుండగా బానిసత్వము పాపమనే నిశ్చయతకు వచ్చారు. తండ్రి ఆయనను ఆస్తికి దూరము చేశాడు. (మన తెలుగు బైబిలులో ఒకని నుండి అని ఉన్నచోట ఆనాటి ఆంగ్ల బైబిలులో ఒకే రక్తము అని ఉండేది. ఫీ బోధకు పట్టు ఆ మాటలోనే ఉన్నది.) రాజకీయవేత్త కాషియస్ క్లే ఇచ్చిన స్థలములో 1854లో ఆయన స్థిరపడ్డారు. మరుసటి సంవత్సరము ఒకే గదిగల బడి మొదలైంది. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారముపై దాడి చేసిన తరువాత బానిస యజమానుల భయము కోపముగా మారింది. డిసెంబరులో సుమారు 60 మంది ఆయుధములతో బెరియాకు వచ్చి, ఫీ అనుచరులు పది దినములలో రాష్ట్రము విడిచి పోవలెనని ఆజ్ఞాపించారు. వారు వెళ్లిపోయారు.

అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట, 1866లో, నల్లజాతి పిల్లలు మొదటిసారి తరగతిలో అడుగుపెట్టగా తెల్లజాతి పిల్లలు అనేకులు లేచి బయటకు నడిచారు. ఎవరి పక్కన ఎవరు కూర్చుండవలెననే ప్రశ్న మన మిషను బడులకు కూడ తప్పలేదు గనుక, ఆ దృశ్యమును ఊహించుకొనుట మనకు కష్టము కాదు. ఫీ వెనుకకు తగ్గలేదు. ఆ సంవత్సరపు విద్యార్థులు 187 మంది: నల్లజాతివారు 96, తెల్లజాతివారు 91. కళాశాల తరగతులు 1869లో ఆరంభమైనవి. సుమారు పాతిక సంవత్సరములు ఇరుజాతులవారు సగము సగముగా, కొంచెము అటూ ఇటూగా, కలిసి చదువుకొన్నారు.

1892లో విలియం గుడెల్ ఫ్రాస్ట్ అధ్యక్షులయ్యారు. అపలాచియన్ కొండలలోని తెల్లజాతి బీదల అవసరత ఆయన హృదయమును తాకింది. ఆ అవసరత నిజమైనదే. ఉత్తరాది దాతలు కూడ దానికి స్పందించారు. అయితే కొండప్రాంతపు విద్యార్థులను అధికముగా చేర్చుకొనుటచేత 1903 నాటికి నల్లజాతివారు ఐదవ వంతుకు తక్కువైపోయారు. వృద్ధుడైన ఫీ ఈ మార్పును బహిరంగముగానే ఆక్షేపించారు. 1901లో ఆయన మరణించారు. తరువాతి కాలములో నల్లజాతి చరిత్ర పరిశోధనకు పితామహునిగా పేరొందిన కార్టర్ వుడ్సన్ బెరియాలో పట్టా పొందినది 1903లో.

మరుసటి సంవత్సరమే డే చట్టము వచ్చింది. ఒకే సంస్థలో ఇరుజాతులకు కలిపి బోధించుట నేరమైంది. కళాశాలకు 1,000 డాలర్ల జరిమానా పడింది. ఫ్రాస్ట్ దీనిని ఎదిరించి అమెరికా సుప్రీం కోర్టు వరకు వెళ్లారు; ఆ మేరకు ఆయనకు న్యాయము చేయవలెను. 1908లో కోర్టు రాష్ట్రము పక్షమున తీర్పు ఇచ్చింది: సంస్థ రాష్ట్రము వలన ఏర్పడినది గనుక దాని అధికారపత్రమును రాష్ట్రము మార్చవచ్చునట. కెంటకీవాడే అయిన న్యాయమూర్తి హార్లన్ తీవ్రముగా విభేదించారు. బెరియా తన నల్లజాతి విద్యార్థులను ఖర్చులిచ్చి వేరే కళాశాలలకు పంపింది. వారికొరకు లూయీవిల్ నగరము సమీపమున లింకన్ ఇన్‌స్టిట్యూట్ 1912లో తెరువబడింది. తీర్పు ఎదుట బెరియా నిస్సహాయురాలే. కాని 1892కు ముందున్న బెరియాను మార్చినది ఆ చట్టము కాదు.

డే చట్టము 1950లో సవరింపబడింది. ఆ సంవత్సరమే బెరియా నల్లజాతి విద్యార్థులకు మరల తలుపులు తెరిచింది. వారు తరగతులలో కూర్చుండే నాటికి వుడ్సన్ లేరు. ఆ ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు.