కుండకు కుమ్మరి, మరి పుట్టకు?

ఈశ్వరుడు ఉన్నాడనేవాడే రుజువు చూపాలా, లేడనేవాడూ చూపాలా అన్నది భారతీయ తర్కంలో వెయ్యేళ్లకు పైబడిన తగువు. గౌతముని న్యాయసూత్రాల ప్రకారం సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను ఖండించి ఊరుకుంటే వితండం. దీనికి గౌరవం తక్కువే గానీ శాస్త్రంలో చోటు మాత్రం దక్కింది.

ఆ న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులు రుజువు బరువు తామే తలకెత్తుకున్నారు. కుండ ఒక కార్యం, దాన్ని చేసిన కుమ్మరి ఉన్నాడు; భూమీ మొలకా కూడా కార్యాలే, కాబట్టి వాటికీ కర్త ఉండాలన్నారు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి 7వ శతాబ్దంలో ప్రమాణవార్తికంలో దీన్ని పుట్టతో దెబ్బకొట్టాడు. మట్టితో అయినదల్లా కుమ్మరి పనే అయితే, చెదలు పెట్టిన పుట్ట కూడా అతని ఖాతాలోనే పడాలి! అడవిలో తనంత తాను మొలిచే గడ్డి మాటేమిటని అడిగితే, గడ్డి కూడా వివాదంలో ఉన్నదే కనుక ఎదురు ఉదాహరణగా చెల్లదని నైయాయికులు తోసిపుచ్చారు. ఆ జవాబు వాదాన్ని కాపాడింది గానీ ముందుకు నడపలేదు.

10–11 శతాబ్దాల నాటి మిథిలా పండితుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో బరువును అవతలివాడి మీదికీ జరిపాడు. ఉంటే కనబడి తీరే వస్తువు కనబడకపోతేనే అది లేదనాలి. గదిలో కుండ లేదని తెలిసేది అలాగే. ఈశ్వరుడు కంటికి అందేవాడే కాడు. కనబడనిదల్లా లేదంటే, ప్రత్యక్షం తప్ప మరేదీ ఒప్పని చార్వాకుడు గడప దాటగానే ఆలుబిడ్డలు లేరని గుండెలు బాదుకోవాలని ఎద్దేవా చేశాడు. లేడని తేలనంత మాత్రాన ఉన్నాడని తేలదని ఉదయనుడికీ తెలుసు. అందుకే ఐదో స్తబకంలో (అధ్యాయంలో) సాధక హేతువులు వేరుగా ఇచ్చాడు.

ఈ తగువులో వేదాన్ని నమ్మినవాళ్లంతా ఒకవైపు లేరు. మీమాంసకుడు కుమారిలభట్టు వేదాన్ని ప్రమాణంగా తీసుకుంటూనే సృష్టికర్తను కాదన్నాడు.

11వ శతాబ్దంలో విక్రమశిల బౌద్ధ విద్యాపీఠానికి చెందిన రత్నకీర్తి, నైయాయికులైన త్రిలోచన, వాచస్పతిమిశ్రుల వాదాలను ఖండిస్తూ ఈశ్వరసాధనదూషణం రాశాడు. తర్వాత బౌద్ధ విద్యాపీఠాలు పోయాయి, కుమ్మరి వాదం పాఠ్యగ్రంథాల్లో నిలిచింది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలోనూ కుండే దృష్టాంతం. రత్నకీర్తి ఈశ్వరసాధనదూషణం సంస్కృత మూలం మాత్రం 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాల్లో వెతికి పట్టుకునేదాకా ఇక్కడి పండితులకు అందలేదు. అది 1957లో పాట్నాలో అచ్చయింది.