బరాజా: రాతి అరుగు నుంచి మంత్రివర్గం దాకా

కెన్యా తీరానికి దగ్గర్లోని లాము ద్వీపంలో పాత ఊరి సందులు బాగా ఇరుకు. అక్కడ కార్లు పట్టవు, బరువులు మోసేది గాడిదలే. 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ ఊళ్లో ఇళ్లను పగడపు రాయితో, మడచెట్ల కలపతో కట్టారు. గుమ్మానికి అటూ ఇటూ రాతి అరుగులుంటాయి. స్వాహిలీలో వాటిని ‘బరాజా’ అంటారు.

లోపలి ఆడవాళ్ల మరుగుకు భంగం కలగకుండా, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే చోటది. నలుగురు కూర్చుంటే కబుర్లు, కబుర్లు ముదిరితే తగవులు, తగవులు తీర్చాలంటే సభ. అలా అరుగు పేరు సభకు వచ్చింది. కెన్యాలో స్థానిక అధికారి జనాన్ని పిలిచి పెట్టే సమావేశం బరాజా. టాంజానియాలో జాతీయ పరీక్షల మండలి పేరు మొదలయ్యేది ఈ మాటతోనే.

మంత్రివర్గాన్ని ‘బరాజా లా మావజీరి’ అంటారు. ఇందులోని ‘వజీరి’ మనకు తెలిసిన వజీరే. అరబ్బీ నుంచి అటు స్వాహిలీకీ, ఉర్దూ మీదుగా ఇటు తెలుగుకీ చేరింది. లాములో మాత్రం బరాజా అన్న మాటకు పాత అర్థం ఇంకా చెల్లుతోంది. సాయంత్రం బరాజాకు వెళ్తున్నానంటే అరుగు మీదికనే.