రాక్షస గుళ్లు (నాగార్జునకొండ)

ఇనుప యుగపు బృహత్ శిలా సమాధులకు తెలుగు పల్లెల్లో ఉన్న పేర్లలో ఒకటి రాక్షస గుళ్లు. ఇంతింత బండలు మనుషులు మోయలేరని ఊరివాళ్ల లెక్క. ఉమ్మడి గుంటూరు జిల్లాలో వీటిని తవ్వి చూసిన ముఖ్యమైన చోటు నాగార్జునకొండ లోయ. 1954-60 మధ్య పురావస్తు శాఖ ఇక్కడ జరిపిన తవ్వకాలు ఇక్ష్వాకుల విజయపురికి పేరు తెచ్చాయి. సమాధుల సంగతి కాస్త మరుగున పడింది, అన్యాయంగానే.

నిర్మాణం చూడటానికి సాదాగా ఉంటుంది: భూమిలో గొయ్యి, పైన రాళ్ల కుప్ప, చుట్టూ గుండ్రాళ్ల వలయం. చనిపోయినవారితో పాటు నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారు. చాలాచోట్ల శవాన్ని నేరుగా పూడ్చలేదు, తర్వాత ఏరిన ఎముకలనే పాతిపెట్టారు.

  

లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీటి అడుగున ఉంది. మునగకముందే కొన్ని కట్టడాలను, వాటితో పాటు ఒక సమాధిని, కొండ మీదికి తరలించి తిరిగి నిలబెట్టారు. అక్కడి మ్యూజియం 1966లో మొదలైంది. 2022 నుంచి ఈ ప్రాంతం పల్నాడు జిల్లాలో ఉంది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి; శుక్రవారం మ్యూజియానికి సెలవు.