వెండి బిళ్ళ మీద కోరేగావ్

పాములపాడు మాలపల్లెలో మా జేజి మెడలో నల్లదారానికి ఒక పాత వెండి రూపాయి ఉండేది. దానిమీద తలకాయ ఎవరిదని అడిగితే "ఎవరో దొరసానిదిలే" అనేది. మా మిత్రుడొకాయన పుణె పోయి వస్తూ ఇంకో వెండి బిళ్ళ తెచ్చాడు. దీనిమీద తలకాయ లేదు, ఒక రాతి స్తంభం ఉంది. వెనక 1818–2018 అని అంకెలు. సర్కారు టంకశాలది కాదు, అంగట్లో చెల్లదు. అయినా పల్లెంతా చేతులు మారింది. "ఇదేం గుడి నాయనా?" అని పెద్దలు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

1818 జనవరి 1న భీమా నది ఒడ్డున కోరేగావ్ దగ్గర కెప్టెన్ స్టాంటన్ కింద సుమారు 800 మంది కంపెనీ సైనికులు రెండో బాజీరావు పేష్వా సైన్యాన్ని ఎదుర్కొన్నారు. తిండీ నీళ్ళూ లేకుండా పొద్దుగూకేదాకా పోరాడారు. రాత్రికి పేష్వా సైన్యం వెనక్కి పోయింది. బొంబాయి పటాలంలో చాలామంది మహర్లు. రెండు ఫిరంగులు పేల్చింది మాత్రం మన మద్రాసు సైన్యపు ఫిరంగి దళం.

ఈ యుద్ధానికి వెండి అప్పుడే రాలేదు. 1851లో 'ఆర్మీ ఆఫ్ ఇండియా' పతకం మంజూరైంది. వెండిది, ఒకవైపు విక్టోరియా తల, పైన యుద్ధం పేరున్న పట్టీ. ముప్పై మూడేళ్ళ తర్వాత కూడా ప్రాణాలతో మిగిలినవాళ్ళకే అది. రణంలో చచ్చినవాడికి వెండి లేదు.

చచ్చినవాడికి రాయి దక్కింది. 1821లో పునాది వేసిన స్తంభం మీద 49 పేర్లున్నాయి. వాటిలో 22 పేర్లు 'నాక్' అని ముగుస్తాయి. ఆ 'నాక్' మహర్ల గుర్తు. పేష్వాల పుణెలో అంటరానివాళ్ళు మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకొని నడవాల్సొచ్చేదని అంబేద్కర్ 'కులనిర్మూలన' (1936)లో రాశారు. నీడ పడితేనే మైలన్న ఊళ్ళ పక్కనే వాళ్ళ పేర్లు రాతికెక్కాయి. అదీ అసలు సంగతి.

అట్లని కంపెనీవాడు కులం పోగొట్టడానికి వచ్చాడని మేం అనం. వాడు రాజ్యం కోసం వచ్చాడు. పని అయ్యాక 1890లలో అదే బ్రిటిషువాడు "యుద్ధజాతులు" అనే వాదం పట్టుకొని మహర్లకు సైన్యం తలుపులు మూశాడు. 1910లో శివరాం జాన్బా కాంబ్లే నాయకత్వాన దక్కను మహర్లు మళ్ళీ చేర్చుకొమ్మని అర్జీ పెట్టారు. 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి వెళ్ళారు. విజేత తన గొప్పకోసం నిలబెట్టిన రాయిని ఓడినవాళ్ళు కాదు, వాడి కింద పనిచేసినవాళ్ళు తమ సాక్ష్యంగా చేసుకున్నారు. 2018 జనవరి 1న, రెండువందల ఏళ్ళు నిండిన రోజున, అక్కడికి వచ్చిన జనం మీద దాడులు జరిగాయి. పాత రాయికి ఇంకా అంత బలముంది.

ఇంక మన సంగతి. 1818లో మా నందికొట్కూరు సీమ కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. 1839 అక్టోబరులో కర్నూలు పక్కన జోహరాపురం దగ్గర కంపెనీ పటాలం నవాబు మనుషులతో తలపడింది. ఆ ఏటితో నవాబు రాజ్యం పోయింది. మద్రాసు సైన్యంలో మాలలు, పరయలు పనిచేశారు. కానీ బళ్ళో మేం చదివిన పాఠాల్లో నవాబులున్నారు, దొరలున్నారు, మా తాతలు లేరు. తుపాకి మోసినోడూ లేడు, వాడికి చెప్పులు కుట్టినోడూ లేడు.

పుణె బిళ్ళ చూసి మేం పొంగిపోతే చాలదు. మన పల్లెల్లో "మిలిట్రీ తాత" అని పిలిపించుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ ట్రంకుపెట్టెల అడుగున డిశ్చార్జి కాగితాలు, పింఛను పుస్తకాలు చెదలు పడుతున్నాయి. వాటిమీద పేరుంది, తండ్రి పేరుంది, ఊరుంది. ముందు వాటిని రాసి పెడదాం. వెండి ఆనక చూసుకోవచ్చు. మా జేజి రూపాయి ఒక కరువు ఏడాది జొన్నలకు పోయింది.