మనోవర్తి: భారత ముస్లిం మహిళల హక్కు

విడాకులైన ముస్లిం మహిళకు మాజీ భర్త ఎంతకాలం మనోవర్తి ఇవ్వాలన్నది భారతదేశంలో నాలుగు దశాబ్దాలుగా నలుగుతున్న వివాదం. విడాకుల తర్వాత స్త్రీ మళ్లీ పెళ్లాడకుండా ఆగవలసిన ఇద్దత్ గడువు, అంటే సాధారణంగా మూడు నెలలు, గర్భవతి అయితే కాన్పు వరకు, ముగిశాక భర్తకు బాధ్యత లేదన్నది హనఫీ న్యాయంలో బలంగా ఉన్న అభిప్రాయం. ఖురాన్ 2వ అధ్యాయం 241వ ఆయత్‌లోని ‘మతా’ను, అంటే విడాకులైన స్త్రీకి ఇచ్చే భృతిని, కొందరు పండితులు విధిగా, మరికొందరు సత్కార్యంగా వ్యాఖ్యానించారు. కోర్టు తీర్పుల్లోని చీలికకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

షాబానో కేసు

ఇండోర్‌కు చెందిన షాబానోకు 1932లో న్యాయవాది మహమ్మద్ అహ్మద్ ఖాన్‌తో పెళ్లయింది. 1975లో ఆయన ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. 1978 ఏప్రిల్‌లో ఆమె క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలు ఇప్పించమని మేజిస్ట్రేటు కోర్టుకెక్కింది. కేసు నడుస్తుండగానే నవంబరు 6న భర్త తలాక్ చెప్పాడు. మెహర్ (పెళ్లిలో భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) కింద 3,000 రూపాయలు కోర్టులో జమచేసి, ఇక తన బాధ్యత తీరిందన్నాడు. అప్పటికి ఆమె వయసు 62 అని ఎక్కువమంది రాశారు. వేరే లెక్కలూ కనిపిస్తాయి గానీ, పెళ్లినాటి సంవత్సరంతో పొసిగేది ఇదే. భర్త సంపాదన ఏడాదికి సుమారు 60,000 రూపాయలని ఆమె కోర్టుకు చెప్పింది. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలు ఇమ్మన్నారు. 1980లో మధ్యప్రదేశ్ హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. దేశాన్ని కుదిపేసిన వివాదంలో ఆ ముసలామెకు దక్కవలసింది ఈ కాస్త సొమ్మే.

భర్త అప్పీలును 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం కొట్టేసింది. నిరసనలు చెలరేగాయి. అదే ఏడాది నవంబరులో షాబానో ఆ తీర్పు తనకు వద్దంటూ బహిరంగ లేఖ ఇచ్చింది. మతవిశ్వాసంతోనే ఇచ్చిందని కొందరు, చుట్టూ ఉన్నవారి ఒత్తిడికి తలొగ్గిందని కొందరు అంటారు. ఏడేళ్లు పట్టువదలకుండా కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి గెలిచిన కొద్ది నెలలకే వెనక్కి తగ్గడం చూస్తే రెండో కథనమే నమ్మదగినదిగా ఉంది. ఆమె 1992లో మరణించింది.

1986 చట్టం, తర్వాతి తీర్పులు

ఆ నిరసనల తర్వాత రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన 1986 చట్టం, భర్త ఇవ్వవలసింది ఇద్దత్ గడువులోగా ఇవ్వాలని, ఆ తర్వాతి భారం బంధువులదీ వక్ఫ్ బోర్డుదీ అని చెప్పింది. దీన్ని వ్యతిరేకిస్తూ ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. హైకోర్టులు రెండుగా చీలాయి. భర్త బాధ్యత ఇద్దత్ వరకేనని 1990లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చగా, గుజరాత్, కేరళ హైకోర్టులు అందుకు భిన్నంగా చెప్పాయి. షాబానో తరఫు న్యాయవాది డేనియల్ లతీఫీ వేసిన కేసులో 2001లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే, ఇద్దత్ అన్నది చెల్లింపుకు గడువు మాత్రమేనని, ఇచ్చే మొత్తం ఆమె భవిష్యత్తుకు సరిపోవాలని వివరించింది. ఆంధ్రప్రదేశ్ తీర్పు దాంతో చెల్లకుండా పోయింది.

2017లో ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తీర్పునిచ్చింది. 2019 చట్టం అలా తలాక్ చెప్పడాన్ని మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం చేసింది. భర్త జైలుకెళితే జీవనభృతి ఎవరిస్తారన్న విమర్శకుల ప్రశ్న న్యాయమైనదే.

మనోవర్తిపై మరో ముఖ్యమైన తీర్పు 2024లో తెలంగాణ కేసులో వచ్చింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇమ్మంటే, హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. అదీ ఇవ్వనక్కర్లేదంటూ భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1986 చట్టం ఉన్నంతమాత్రాన 125వ సెక్షన్ తలుపు మూసుకోదని 2024 జూలై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ వేర్వేరు తీర్పుల్లో ఒకే మాట చెప్పారు.

ఇతర దేశాలు

బంగ్లాదేశ్‌లో 1995లో హైకోర్టు ఇద్దత్ దాటాక కూడా మనోవర్తి ఉండాలన్నా, 1998లో అప్పీలు విభాగం దాన్ని కొట్టేసింది. ఈజిప్టులో 1985 చట్టం, భార్య తప్పు లేకుండా, ఆమె ఇష్టం లేకుండా విడాకులిస్తే కనీసం రెండేళ్ల మనోవర్తికి సమానమైన పరిహారం ఇవ్వాలంటుంది.

వసూలు

ఇప్పుడు అసలు చిక్కు హక్కు ఉందా లేదా అన్నది కాదు, డబ్బు చేతికందడం. 125వ సెక్షన్‌లో ఉన్న నెలకు 500 రూపాయల పరిమితిని 2001లో తీసేశారు. మధ్యంతర మనోవర్తి అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలన్న నియమం అప్పుడే వచ్చింది గానీ, ‘వీలైనంతవరకు’ అన్న సడలింపుతో వచ్చింది. ఇరుపక్షాలూ ఆస్తుల వివరాలు అఫిడవిట్‌లో ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా భర్త బకాయి పెడితే ఆమె మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోగా అర్జీ పెట్టకపోతే, ఆ సొమ్ము కోసం మనోవర్తి సెక్షన్ కింద వారంటు పుట్టదు.