చుక్కాని నుంచి నాజిల్ దాకా

వేగంగా పోయేదాన్ని పక్కకు తిప్పాలంటే దానికి ఏదో ఒక ఆసరా కావాలి. మామూలు పడవకు ఆ ఆసరా నీరు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లో చూపిన రేడియో పడవకూ చుక్కాని నీళ్లలోనే ఉండేది. 1905లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ బృందం కెనడాలో పడవ మీద గాలి ప్రొపెల్లర్ బిగించడంతో మరో దారి తెరుచుకుంది.

అలాంటి గాలిపడవ అడుగు చదునుగా ఉంటుంది. లోతు లేని చోట నీటి చుక్కాని నాచుకూ నేలకూ తగులుతుంది. అందుకే ప్రొపెల్లర్ వెనక నిలువు రెక్కలు పెట్టి, అది విసిరే గాలినే పక్కకు మళ్లిస్తారు. రిమోట్ నమూనాల్లో ఆ రెక్కలను సర్వో మోటారు తిప్పుతుంది. అయితే మలుపులో ప్రొపెల్లర్ మోటారు వేగం తగ్గిస్తే గాలీ తగ్గుతుంది, చుక్కాని పట్టు పోతుంది, పడవ పాత దిక్కుకే జారుతుంది. ప్రొపెల్లర్‌నే తిప్పే అమరికకూ ఇదే చిక్కు.

రాకెట్‌కూ ఇలాంటి చిక్కే ఉంది: మొదట్లో వేగం లేక తోకరెక్కలకు గాలి పట్టు దొరకదు. 1942లో ఎగిరిన జర్మన్ వీ-2 రాకెట్ ఈ చిక్కును రెండు రకాల రెక్కలతో దాటింది. వేగం అందుకోకముందు మంటలో ఉండే గ్రాఫైట్ రెక్కలు పనిచేసేవి. వేగం వచ్చాక తోకరెక్కల అంచులోని చుక్కానులు తోడయ్యేవి.

ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోటలో ఈ విద్య మరింత ముదిరింది. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి దశలో తోకరెక్కల కొనలు కదిలేవి. మంట బయటికి వచ్చే నాజిల్‌లోకి పక్కనుంచి ద్రవం చిమ్మి మంటనూ మళ్లించేవారు. 1979 ఆగస్టు 10న చేసిన ప్రయోగంలో రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయింది. ఇంజిన్ మండుతున్నా రాకెట్ అదుపు తప్పి సముద్రంలో పడింది. లోపం దిద్దుకుని, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపారు. తర్వాత వచ్చిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో ఒక్కో దశకు ఒక్కో పద్ధతి కుదిరింది: మొదటిదానికి ద్రవం చిమ్మడం, రెండోదానికి వికాస్ ఇంజిన్‌నే తిప్పడం, మూడోదానికి వంగే నాజిల్, నాలుగోదానికి మళ్లీ ఇంజిన్లనే తిప్పడం. ఎల్‌వీఎం-3 రాకెట్ పక్క బూస్టర్లకూ వంగే నాజిళ్లే పెట్టారు.

నూట పాతికేళ్ల ఈ చరిత్ర చెప్పే సూత్రం ఒకటే: నిండు వేగంలో ఏది బాగా తిప్పుతుందో చూసి చుక్కానిని ఎంచుకోకూడదు. ఆసరా అతి తక్కువగా ఉన్న క్షణంలో ఏది పనిచేస్తుందో చూసి ఎంచుకోవాలి. చెరువులో రిమోట్ గాలిపడవ నమూనా నడపబోయే విద్యార్థులు మోటారు వేగం తగ్గించే మలుపు దగ్గరే తమ అమరికను మొదట పరీక్షించాలి. అక్కడ పట్టు చాలకపోతే వెనక ఒక చిన్న నీటి రెక్కను చేర్చాలి. దానివల్ల కొంత వేగం తగ్గినా, పడవ చేతిలో ఉంటుంది.