ఊరి సెలవులు, బడి సెలవులు

ప్లాటినం జూబిలీ సంచికకు ఒక చారిత్రక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, భవనాల గురించి, దాతల గురించి, పరీక్షా ఫలితాల గురించి వ్రాయడానికి నాకంటె అర్హులైన పెద్దలున్నారని తలచి, నేను హాజరుపట్టికలను ఎన్నుకున్నాను. బీరువాలో భద్రపరచిన ఆ పట్టికలలో ఏ దశాబ్దానివి తిరగవేసినా జనవరి నడుమ, జూన్ మొదట గైరుహాజరు గుర్తులు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. జ్వరాలు అలా తేదీలు చూసుకొని రావు. కుటుంబమంతా ఊరికి వెళ్ళిన రోజులవి. బడి నడుస్తున్న దినాలలో తల్లిదండ్రులు పిల్లలను వెంట తీసుకొని ప్రయాణం కట్టడం సబబేనా అన్న ప్రశ్న, ఉపాధ్యాయుల గదిలో ఏటా రెండు పర్యాయాలు తప్పక లేస్తుంది.

మన సీమలో బడి హాజరును గురించి లభించే పాత వ్రాతలలో ముఖ్యమైనది 1823 నాటిది. దత్తమండలాలలో కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, దేశీయ పాఠశాలల వివరాలు సేకరించవలసిందని 1822 జూన్ 25న ఆదేశించారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న సమాధానం పంపారు. ఈయన అంతకుముందే తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును ఆంగ్లంలో ప్రకటించిన పండితుడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసియున్న అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చారు. కన్నడం చెప్పే బడులు 235, తెలుగు చెప్పేవి 226. అంటే రెండు భాషలూ ఇంచుమించు సరిసమానంగా ఇక్కడ పలక పట్టుకున్నాయి. హిందూ బాలికలు మాత్రం 60 మంది. ఈ అంకెను తరగతిలో చదివి వినిపిస్తే మా అమ్మాయిలు నమ్మరు.

ఆ నివేదికలోని ఒక వివరం ఉపాధ్యాయులందరూ ఆనందించదగినది. బడి ఉదయం ఆరు గంటలకు మొదలయ్యేది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాల్గవవానికి రెండు. ఇలా ఆలస్యం పెరిగినకొద్దీ దెబ్బలు పెరిగేవి. చట్టాలు లేని కాలంలో హాజరును కాపాడినవి సరస్వతీ నామమూ, బెత్తమూ. అయినా బడికి రానివారు ఎందరో ఉండేవారు. దానికి కారణం పేదరికమని కాంప్‌బెల్ దాపరికం లేకుండా వ్రాశారు. ఐరోపా సరుకుల రాకతో చేతిపనులవారి రాబడి తగ్గిపోయిందనీ, లేత చేతులకు కాస్త బలం రాగానే తల్లిదండ్రులు పిల్లలను పనిలోకి దింపక తప్పడం లేదనీ ఆయన అభిప్రాయం.

ఆనాటి వీధిబడికి ప్రత్యేకంగా సెలవుల పట్టిక అక్కరలేదు. ఊరి పంచాంగమే బడి పంచాంగం. అమావాస్యకు, పున్నమికి పాఠం లేదు. దసరా వచ్చిందంటే పంతులుగారే పిల్లలను వెంటబెట్టుకొని, చేత విల్లంబులు పట్టించి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగేవారు. పెద్దలు పంతులుగారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. బడే ఊరి మీదికి కదలి వచ్చేటప్పుడు, పిల్లలను బడి మాన్పించడమన్న మాటకు తావేది?

ఆ రెండు పంచాంగాలూ విడిపోవడానికి మన విషయంలో ఒక ప్రత్యేక కారణముంది. మన పాఠశాల పుట్టిననాటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి చేరాయి. గీత భూమిమీద గీశారు గాని చుట్టరికాల మీద గీయలేకపోయారు. ఆడపడుచు రాయదుర్గంలో, మేనమామ గుంతకల్లులో, తాతగారి పొలం ఆలూరు పక్కన. బడి మాత్రం ఇక్కడ.

ఈ తేడా పిల్లల దినచర్యలో ఎలా పడుతుందో పూర్వ విద్యార్థులు ఎరుగుదురు. ఆంధ్రలో సంక్రాంతికి ఇంచుమించు పదిరోజులు సెలవు. మనకు పండుగనాడు ఒక్కరోజు. దసరాకు మనకు దీర్ఘమైన సెలవులుంటాయి. అక్కడ అంతకంటె తక్కువ. ఇటీవలి ఏళ్ళలో మనకు వేసవి సెలవులు ఏప్రిల్ రెండవ వారంలో ఆరంభమై మే నెలాఖరుకు ముగుస్తున్నాయి. అక్కడ ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండవ వారం దాకా. అందువల్ల అత్తల పిల్లలు, మామల పిల్లలు ఇంకా మామిడితోటలో ఉండగా మన పిల్లలు పుస్తకాల సంచి సర్దుకోవాలి. ముహూర్తాలు పెట్టేవారు బళ్ళారి విద్యాశాఖను అడిగి పెట్టరు కదా!

చట్టంతో హాజరును కట్టుదిట్టం చేసిన ఇంగ్లండులో ఈ తగవు మరో రూపం దాల్చింది. అక్కడ 1880లో బడికి హాజరు నిర్బంధమైన తరువాత కూడా, తూర్పు లండను పేద కుటుంబాలు సెప్టెంబరులో పిల్లాపాపలతో కెంటు సీమకు హాప్ కాయలు కోయడానికి తరలిపోయేవి. వారికి అదే కూలి, అదే గాలి మార్పు. కాలక్రమాన కూలి పోయి విహారయాత్ర మిగిలింది. ప్రత్యేక పరిస్థితులలో ఏడాదికి పది రోజుల దాకా ఇటువంటి సెలవు మంజూరు చేసే వీలు ప్రధానోపాధ్యాయులకు ఉండేది. 2013 సెప్టెంబరు నుంచి ఆ నియమాన్ని తొలగించి, అసాధారణ కారణాలకు మాత్రమే పరిమితం చేశారు. 2015 ఏప్రిల్‌లో వైట్ దీవికి చెందిన ఒక తండ్రి కుమార్తెను ఏడు బడిరోజులు ఫ్లారిడా తీసుకువెళ్ళి, జరిమానా కట్టనని న్యాయస్థానాలకెక్కారు. క్రమంగా హాజరు కావడమంటే బడి విధించిన నియమం ప్రకారం హాజరు కావడమేనని 2017 ఏప్రిల్ 6న అక్కడి సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 2024 ఆగస్టు నుంచి తొలి జరిమానా, మూడు వారాలలోగా చెల్లిస్తే 80 పౌండ్లు, ఆలస్యమైతే 160. ఇంత చేసినా, సెలవు దినాలలో ప్రయాణ ఖర్చులు మండిపోతాయన్న తల్లిదండ్రుల గోడు అక్కడ ఆగలేదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన మన విద్యాహక్కు చట్టం ఇంకో దారి పట్టింది. ఐదవ తరగతి వరకు ఏటా 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు బడి నడవాలన్నది. బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అన్నది. ఊరికి వెళ్ళినందుకు జరిమానా వేయమనలేదు. అది మంచిదే. కరువు ఏడాదిలో పని వెదుక్కుంటూ పిల్లలతో సహా బెంగుళూరుకో, గుంటూరు మిరపతోటలకో వలసపోయే కుటుంబాన్ని, గది అద్దె చవకగా దొరికిందని బడి మాన్పించి ఊటీకి వెళ్ళే కుటుంబాన్ని ఒకే గాట కట్టరాదు. మొదటివారికి కావలసినది సహాయం. రెండవవారికి, నిస్సంకోచంగా చెబుతున్నాను, దసరా సెలవులున్నాయి.

సంక్రాంతి విషయం ఈ రెండింటిలోనూ ఇమడదు. తెలుగు మాధ్యమంలో చదువుతున్నా, వీధిలో కన్నడం, దూరదర్శినిలో కలగాపులగపు భాష వింటున్న మన పిల్లలకు, అవ్వాతాతల ఇంట గడిపే నాలుగు రోజులు ఏ వాచకమూ చెప్పలేని పాఠం చెబుతాయి. గొబ్బెమ్మలు, పశువుల అలంకారం, గంగిరెద్దులవాని మాటతీరు నల్లబల్ల మీద వ్రాస్తే అబ్బేవి కావు. అందుకే జనవరిలో మూడు నాలుగు రోజుల సెలవు చీటీ వస్తే నేను సంతకం చేస్తాను. పదవ తరగతివారికి మాత్రం చేయను. జూన్ సంగతి వేరు. బడి తెరవగానే ‘సేతుబంధ’ కార్యక్రమం జరుగుతుంది. గత తరగతిలో ఏది వచ్చునో, ఏది రాదో గుర్తించి సరిదిద్దే రోజులవి. అప్పుడు రెండు వారాలు రాని పిల్లవానికి భిన్నాలలో లోపముందని తెలిసేసరికి దసరా వస్తుంది. జనవరిలో పోయిన పాఠం మరునాడు తోటివాని పుస్తకం చూసి వ్రాసుకోవచ్చు. జూన్‌లో పోయినదేమిటో పిల్లవానికే తెలియదు. పెండ్లి మేనమామదైతే రెండు రోజులకు ఎవరమూ అడ్డు చెప్పము. పెండ్లి తరువాత పదిరోజులు అక్కడే నిలిచిపోవడం గురించే మా విన్నపం.

ఈ ఏటి నుంచి సెలవు చీటీ వెనుక భాగాన్ని ఖాళీగా ఉంచవలసిందిగా కోరుతున్నాము. తిరిగి వచ్చిన విద్యార్థి, ఊరిలో కొత్తగా విన్న పది మాటలు అక్కడ వ్రాసి తరగతి ఉపాధ్యాయినికి ఇవ్వాలి. మొదటి విడతలో వచ్చిన చీటీలలో గొర్రు, గుంటక ఉన్నాయి. వాచకంలో వేరుశనగ అని చదివిన ఒక చిన్నది ‘బుడ్డలు’ అని వ్రాసి, పక్కన బొమ్మ కూడా గీసింది.